నీళ్ళ సావుకారుకి పచ్చకామెర్లు

బరంపురం హల్దియాపదర్‌లో అప్పలస్వామి ఇల్లెక్కడని అడిగితే ఏ అప్పలస్వామి అంటారు. నీళ్ళ అప్పలస్వామి అంటే వెంటబెట్టుకుని మరీ చూపిస్తారు. తాతల నాటి నుంచీ చింతపండూ ఎండుమిరపా టోకున అమ్మిన కుటుంబం. అతను మాత్రం నీళ్ళ వ్యాపారంలో పడ్డాడు.

"పాలల్లో నీల్లు కలిపేవోడ్ని సూసి మా తాత నవ్వేవోడు. నాకు ఆ పాలు కూడా అక్కర్లేకపోయింది" అని కొట్టుకి వచ్చినవాళ్ళకి తన గురించి తనే చెప్పుకునేవాడు.

పెద్ద తుపాను కొట్టి వారాల తరబడి కరెంటు లేనప్పుడు, జనం బిందెలు పట్టుకుని వీధులు తిరగడం చూసి అతనికా ఆలోచన వచ్చింది. కొట్టు వెనక గోదాము ఖాళీ చేసి బోరు దించాడు. నీళ్ళు శుద్ధి చేసే మిషను బిగించాడు. నీలం టిన్నులు ఆటోకెక్కించి ఇంటింటికీ పంపాడు. కొత్త బేరం వచ్చిందంటే చాలు, గాజుగ్లాసులో కొళాయి నీళ్ళు పట్టి వెలుతురుకెత్తి, "ఇందులో ఏటున్నాదో తెలిస్తే కాళ్ళు కూడా కడుక్కోరు బాబూ" అని భయపెట్టేవాడు.

తను మాత్రం పెరట్లో నూతి నీళ్ళే తాగేవాడు. మిషను నీళ్ళు చప్పగా ఉంటాయట. పైగా ఇంట్లో తాగిన టిన్ను వీధిలో అమ్ముడుపోదు కదా! భార్య కమలాకుమారి తన వరకు నీళ్ళు మరగబెట్టుకుని తాగేది. "మీరూ ఇవే తాగండి" అంటే, "నీల్లకి కూడా వంటేటే? గేసు దండగ" అని కసిరేవాడు.

ఆ నూతి పక్కనే పోయినేడు కొత్త మరుగుదొడ్డి కట్టించాడు. గొయ్యి తవ్వడానికొచ్చిన మేస్త్రీ దాలయ్య తల గోక్కుంటూ, "నూతికి మరీ దగ్గరగా ఉన్నాది సావుకారూ, ఆ పక్కకి జరుపుదుమా?" అన్నాడు.

"ఆ పక్కన ఆటో పెట్టుకోవాల. భూమి వడకడతాదిలేవో. నా మిషను కన్నా పెద్ద మిషను అది" అన్నాడు అప్పలస్వామి. ఆ మాట తనకే ఎంతో నచ్చి రెండోసారి కూడా అన్నాడు.

వానలు పడ్డాయి. అతనికి అన్నం సయించడం మానేసింది. ఇంటిమీద మేడ కట్టినందుకు ఎవరిదో దిష్టి తగిలిందనుకున్నాడు. ఎదురింటి పూర్ణచంద్ర ఒకపూట గేటు దగ్గర ఆపి, "కొణ హేలా స్వామిబాబూ, ఏమైంది? కళ్ళేమిటి అంత పచ్చగా ఉన్నాయి?" అన్నాడు. ఆయన ఒడియావాడే గానీ నలభై ఏళ్ళ ఇరుగుపొరుగుతనంలో తెలుగు బాగా పట్టుబడింది.

డాక్టరు కనురెప్ప లాగి చూసి, "పచ్చకామెర్లు. ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని అడిగాడు. అప్పలస్వామి అలవాటుకొద్దీ జేబులోంచి తన నీళ్ళ వ్యాపారం కార్డు తీసి ఇచ్చాడు. డాక్టరు ఒకసారి కార్డునీ, ఒకసారి అతని కళ్ళనీ చూసి, నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఆడి నీల్లు ఆడికే పడలేదంట! మర్నాడు ఆటో ఎలా వెళ్ళిందో అలాగే నిండుగా తిరిగొచ్చింది. పెళ్ళివారు చెప్పిన టిన్నులు వద్దన్నారు. నూనె తగలని గంజన్నం తింటూ మంచం మీద అప్పలస్వామి ఆలోచించాడు. తన నీళ్ళు మంచివని ఒప్పించాలంటే తను వాటిని తాగలేదని చెప్పాలి. తాగలేదంటే తనంత వెర్రివాడు లేడని తేలిపోతుంది. మౌనంగా ఉంటే మోసగాడు, నోరు విప్పితే మూర్ఖుడు. రెంటిలో మూర్ఖుడికే నాలుగు టిన్నులు అమ్ముడుపోతాయని తేల్చుకున్నాడు.

ఆరోగ్య కార్యకర్త దగ్గర నీళ్ళు పరీక్షించే చిన్న సీసాలుంటాయి. నీళ్ళలో మలం కలిసి ఉంటే లోపలి మందు నల్లగా మారుతుంది. రెండు సీసాలు తెప్పించి ఒకదాన్లో మిషను నీళ్ళూ, ఒకదాన్లో నూతి నీళ్ళూ పోయించాడు. రెండు రోజులాగి వాటిని కొట్టు ముందు బల్లమీద పెట్టి, పచ్చటి కళ్ళతో పక్కనే కూచున్నాడు. ఒకటి తేటగా ఉంది. రెండోది కాటుకలా ఉంది.

"మరి నువ్వు తాగినవి ఏవి?" అన్నాడు పూర్ణచంద్ర.

"ఆ నల్లవి."

జనం గొల్లుమన్నారు.

"నవ్వండి. ఊరందరికీ గొడుగులమ్మి వానలో తడిసినోడ్ని. నా నీల్లు మంచివే. బుర్రే మంచిది కాదు."

లోపల కమలాకుమారి కూడా నవ్వడం అతనికి వినిపించింది.

వీధి చివర చేపలమ్మే శాంతి బుట్ట దించి, "మా నుయ్యి కూడా సూడించు సావుకారూ" అంది. చూపిస్తే అదీ నల్లబడింది. ఇంకో రెండిళ్ళవీ అంతే. నలుగురూ తనని పెద్దమనిషిలా చూసేసరికి అప్పలస్వామికి ఊపొచ్చింది. "మరిగించుకుంటే సాలు, నా దగ్గిర కొననక్కర్లేదు!" అనేశాడు. ఆ మాట మాత్రం అందరికీ ఎంత బాగా అర్థమయిందో! వారం తిరక్కుండా సగం బేరాలు వంటింటి పొయ్యి మీదికెక్కాయి.

శాంతికి మాత్రం కోపమొచ్చింది. "మరిగించమని సెప్పడానికి నోరుంటే సాలు. మరిగించడానికి గేసుండాల కదా! కూడొండడానికే సరుగుడు పుల్లలేరుకుంటన్నాను. ఆ పొగకి మా పిల్ల రింకి రేత్రంతా దగ్గుతాది. నీల్లకి కూడా ఇంకో పొయ్యి ఎట్టమంతావేటి?"

 అప్పలస్వామికి, గేసు దండగ అని తను ఇంట్లో కసిరిన రోజులు గుర్తొచ్చాయి. ఉండీ దండగన్నాడు. ఆమెకి దండగ చేయడానికి కూడా లేదు.

ఆ రాత్రి కమలాకుమారి అంది. "గోడకి అవతల కొళాయి ఒకటి పెట్టించండి. గేసు లేనోల్లు మిషను నీల్లు ఒక్కో బిందె పట్టుకుంటారు."

"వ్యాపారం సగమయ్యింది, మిగిలిందీ ధారపొయ్యమంతావా?"

"మరుగుదొడ్డికి జాగా ఇచ్చేరు గానీ కొళాయికి లేదేటండీ?"

దాలయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి మరుగుదొడ్డి గొయ్యి ఆటో పెట్టే పక్కన తవ్వాడు. ఆటో వీధిలో పడుకుంటోంది. గోడకి కొళాయి వచ్చింది. కొట్టు లాభం తగ్గింది. అప్పలస్వామి కళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

ఇప్పుడు పొద్దుటే కొళాయి దగ్గర బిందెలు బారులు తీరుతాయి. కరెంటు పోయి మిషను ఆగితే, "సావుకారూ! నీల్లేవీ?" అని శాంతి వీధి అదిరేలా కేకేస్తుంది. అతను తింటున్న కంచం దగ్గర్నుంచి ఎంగిలి చేత్తోనే లేచి జనరేటరు వైపు పరిగెడతాడు. ఉచితంగా ఇచ్చి ఇన్ని తిట్లు తిన్న వర్తకుడు తమ వంశంలో తనొక్కడేనని పూర్ణచంద్రతో అంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో ఉన్నది బాధో, గొప్పో పూర్ణచంద్రకి ఇప్పటికీ అంతుపట్టలేదు.