బాపు వేసిన ముగ్గు

మా చిన్నప్పుడు... కళ్లు తెరవకముందే సాన్పి వాసన వచ్చేది. పేడ నీళ్లు చల్లిన తడి వాకిలి, దాని మీద అమ్మ వేసిన తెల్లటి ముగ్గు, దాలిలో కాగుతున్న పాలు... ఇల్లు తనంతట తానే తయారై మమ్మల్ని లేపుతుందనుకునేదాన్ని.

మాది గార్ల దగ్గర ఊరు. అమ్మా బాపూ కలిసే మిరప చేనుకు పోయేవాళ్లు, కలిసే తిరిగొచ్చేవాళ్లు. వచ్చాక బాపు కాళ్లు కడుక్కుని గడంచె మీద నడుము వాల్చేవాడు. అమ్మ కాళ్లు కడుక్కుని పొయ్యి ముట్టించేది. అందరికీ పెట్టి, అన్నం గంజు అడుగున మిగిలింది చల్లారిపోయాక తినేది. అందులో మాకు వింతేమీ కనిపించలేదు... పొద్దు పొడవడం ఎట్లాగో అదీ అట్లాగే.

ఓ ఏడు మిరపకాయలు ఏరే కాలంలో అమ్మ బోరింగు దగ్గర పాకుడు మీద జారి పడింది. కుడి చెయ్యి విరిగింది. మహబూబాబాద్ దవాఖానలో పట్టీ వేయించుకుని ఇల్లు చేరేసరికి అందరం అలిసిపోయాం. మరునాడు ఇంటిల్లిపాదికీ మొద్దు నిద్ర.

"అయ్యో అత్తా... పోయినవా!" అన్న ఏడుపుకి ఉలిక్కిపడి లేచాం.

మా దిక్కున ఇంట్లో చావు జరిగితేనే వాకిట్లో సాన్పి, ముగ్గు ఉండవు. ఎదురింటి సోమక్క మా బోసి వాకిలి చూసింది. మా నాయినమ్మకు అప్పటికే దగ్గు ముదిరి ఉంది. ఇంకేముంది... సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది, వెనకాల ఇంకో నలుగురు. నాయినమ్మేమో అర్రలో నులక మంచం మీద కూర్చుని, చాయ్ ఇంకా రాలేదేమని చూస్తోంది.

"ఎవరే పోయింది?" అంది.

"నువ్వే అనుకున్న అత్తా..." అంది సోమక్క, మెల్లగా కొంగు దించుతూ.

మేం నవ్వాపుకోలేక చచ్చాం. నాయినమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "బతికుండంగనే నన్ను సంపిరి గదనే! రేపటి సంది గీ పొల్ల లేసి సాన్పి జల్లాలె, వంట జెయ్యాలె. బడి బందు వెట్టుండ్రి" అని తేల్చేసింది.

పొల్ల అంటే నేనే. ఏడో తరగతి. పెద్ద పరీక్షలు దగ్గర పడ్డాయి. అప్పుడు మానితే ఇక మళ్లీ పంపరని నాకు తెలుసు, మా వాడకట్టులో అట్లా మానిన ఆడపిల్ల ఎవరూ తిరిగి బడి గడప తొక్కలేదు. మా అన్న నాకంటే పెద్దవాడు, అక్కడే నిలబడి ఉన్నాడు. వాడి పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. బాపు ఆ సంచి వంక ఓసారి చూసి బయటికి పోయాడు.

మరునాడు మళ్లీ సాన్పి వాసనకే మెలకువ వచ్చింది. చూస్తే అమ్మ నా పక్కనే పడుకుని ఉంది! బయటికి పరుగెత్తాను... పంచె ఎగ్గట్టుకుని, ముగ్గు గిన్నె పట్టుకుని, వాకిట్లో వంగి ఉన్నాడు బాపు.

మిగతా పనులైతే దడి వెనకాల ఎవరి కంటా పడకుండా చేసుకోవచ్చు. ముగ్గుకి ఆ వీలు లేదు కదా... ఊరంతా చూసేచోటే వేయాలి. బాపుకి వచ్చినవి నాగలి చాళ్లు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీతలు గీసిపెట్టాడు.

"ఏంది ఎల్లన్నా, వాకిట్ల దుక్కి దున్నినవా?" అని నవ్వాడు పాల డబ్బాతో పోతున్న ఒకాయన.

"అవునే. మళ్ల మీరు ఏడ్సుకుంట రావద్దు గదా" అన్నాడు బాపు తలెత్తకుండా.

లోపల్నుంచి నాయినమ్మ అందుకుంది. "మొగోడు ముగ్గేసుడేందిరా... ఇజ్జత్ వోతది!"

"పోతే పోనియ్యే అవ్వా. పొల్ల సదువు వోతే మళ్ల రాదు" అన్నాడు బాపు. నేను మొహం కడుక్కుని బడికి పోయాను.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది... అన్నం ఒకనాడు పలుకు, ఒకనాడు ముద్ద. పచ్చిపులుసు మాత్రం అమృతం! నా జడను తాడు పేనినట్టు పేనేవాడు, సాయంత్రం దాకా కనుబొమ్మలు పైకి లేచే ఉండేవి. అన్న చేత బోళ్లు తోమించాడు. పొయ్యి మీంచి దించిన అన్నం ముందు అమ్మకే... ఎడమ చేత్తో చెంచా పట్టుకుని మా మధ్యలో కూర్చుని తినేది. పొద్దున్నే గడపలో కూర్చుని "అటు గాదు... జర ఇటు గుంజు" అని బాపుకి ముగ్గు నేర్పుతూ పకపకా నవ్వేది. అమ్మకు అంత నవ్వు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పట్టీ విప్పిన మరునాడు లేచేసరికి వాకిట్లో పద్మాల ముగ్గు. బాపు గడంచె మీద కూర్చుని చాయ్ కోసం చూస్తున్నాడు. అన్న ఇంకా లేవలేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు... అమ్మ కూడా.

నేను ఆ పరీక్షలు రాశాను, ఆ తర్వాతవీ రాశాను. ఇప్పుడు జనగామలో ఉద్యోగం. వాకిలికి సిమెంటు వచ్చింది, సాన్పి వాసన పోయింది. గ్యాసు, మిక్సీ, బట్టలుతికే మిషను అన్నీ ఉన్నాయి. ఏ ఆదివారమో మా ఆయన చాయ్ పెడితే ఆ కబురు చుట్టాలందరికీ చేరుతుంది. నేను రోజూ పెట్టే చాయ్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మొన్న అమ్మ మా ఇంటికి వచ్చింది. ముసురు పట్టేసరికి ఆ పాత చెయ్యి సలుపుతోందంటే నూనె రాస్తున్నాను. మాటల్లో అడిగాను... "అమ్మా, నీకు అన్నిట్లకెల్లి మంచిగున్న దినాలు ఏవే?"

నాకు నౌకరీ వచ్చిన రోజో, అన్న పెళ్లో చెబుతుందనుకున్నాను.

అమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"గీ చెయ్యి ఇరిగినప్పుడు బిడ్డా... రోజూ ఉడుకుడుకు అన్నం తిన్న."



మీ చిన్నప్పుడు మీ అమ్మ మీతోపాటు కూర్చుని వేడన్నం తిన్న రోజు గుర్తుంటే ఇక్కడ రాయండి... గుర్తు రాకపోతే ఆమెనే అడగండి.