పరీక్షకు ముందు పస్తు

ఆ వీధిలో ఆమెను అందరూ సూదమ్మ అంటారు. ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకోదు. ప్రభుత్వ వార్డు ఆరోగ్య కేంద్రంలో ఆమె పనే వేళ్ళు గుచ్చడం. ఇంటింటికీ తిరిగి, ముప్పై దాటినవాళ్ళను కూర్చోబెట్టి, వేలికొస మీద చిన్న పోటు పొడిచి, ఒక్క చుక్క రక్తంతో షుగరు ఉందో లేదో చూస్తుంది. ఉన్నవాళ్ళకు మందులు ఇప్పిస్తుంది, లేనివాళ్ళ చేత తిట్లు తింటుంది. మొహం మీద తలుపు వెయ్యబోయే మనిషిని కూడా మాటల్లో పెట్టి, ఆ తలుపు పట్టుకున్న చేతి వేలే గుచ్చి వచ్చేస్తుందని పేరు.

ఆమె భర్త సరుకుల వ్యాను తోలుతాడు, వారంలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఇంట్లో ఉండేది తనూ అత్తగారూ. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత కట్టినవాళ్ళు ఈ ఇంటికొస్తే ఆ సామెతను మళ్ళీ మూటగట్టుకుని పోవాలి. అత్తగారికి కోడలంటే అంత ప్రాణం. తను చదువుకోలేదు కాబట్టి, తెల్లకోటు వేసుకుని వెళ్ళే కోడల్ని గుమ్మంలో నిలబడి వీధి మలుపు తిరిగేదాకా చూస్తుంది. ఆమెకూ షుగరుంది. పదేళ్ళుగా మాత్ర వేసుకుంటోంది.

ఇక లెక్కల సంగతి చెప్పక తప్పదు. ఆరోగ్యశాఖ శాసనసభకు ఒక నివేదిక ఇవ్వాలి. ఎంతమందికి షుగరుంది, ఎంతమందికి అదుపులో ఉంది, ఏ పద్ధతి పనిచేస్తోంది, వచ్చే ప్రణాళికలో మందులూ నర్సులూ ఎక్కడికి ఎక్కువ పంపాలి అన్నీ అందులో ఉండాలి. మంచి పనే. ఆ అంకెలు వార్డుల నుంచి వెళతాయి. అందుకోసం మూడు నెలలకోసారి పరీక్షరోజు పెడతారు. వారం ముందే గోడకు కాగితం అంటిస్తారు. ఫలానా రోజు పొద్దున్నే పరగడుపున రమ్మని సూదమ్మ నోటితో కూడా చెబుతుంది. వచ్చినవాళ్ళ వేలు గుచ్చి, వచ్చిన అంకెను పైకి పంపుతుంది.

వారం ముందు చెబితే జనం ఏం చేస్తారో చెప్పడానికి ప్రణాళికలు అక్కర్లేదు. మూడు నెలలూ ఇష్టమొచ్చినట్టు తిన్న మనిషి ఆ వారం నోరు కట్టేసుకుంటాడు. కేంద్రం కింద కొట్టున్న టైలరు ఈ విషయం దాచేవాడు కూడా కాదు. "పరీక్షకి వారం ముందు పుస్తకం తీస్తే సరిపోదా సూదమ్మా? మిగతా మూడు నెలలూ మనవేగా" అనేవాడు. బెంచీల మీదివాళ్ళంతా నవ్వేవాళ్ళు. కేంద్రం డాక్టరూ నవ్వేవాడు. సూదమ్మా నవ్వేది. తిండి తగ్గించుకుంటే మంచిదేగా అనుకుంది పాపం.

అలా మూడేళ్ళుగా నగరం మొత్తం మీద ఆ వార్డే ఫస్టు. పదిమందిలో ఏడుగురికి అదుపులో ఉందని నివేదికలో అచ్చయింది కూడా. గోడకు ప్రశంసాపత్రం వేలాడింది. వీధివాళ్ళకు అది సొంత బిడ్డ మార్కుల్లాంటిది. మన సూదమ్మకు మాట రాకూడదు అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. కాకిలెక్కలు రాసేవాళ్ళను చాలామందిని చూశాం, తిట్టాం. ప్రేమకొద్దీ కడుపు మాడ్చుకుని తప్పుడు లెక్క ఇచ్చేవాళ్ళను ఏమని తిట్టాలో నాకైతే తెలియదు.

ఈసారి పరీక్షరోజుకు ప్రణాళిక విభాగం నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఫస్టొచ్చిన వార్డులో ఏం చేస్తున్నారో కళ్ళారా చూసి, మిగతా వార్డులన్నీ అలాగే చెయ్యాలని నివేదికలో రాయడం ఆమె పని. మంచి మనిషే. గోడవారగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, అడ్డం రాకుండా కూర్చుంది.

లైను మెట్ల మీదుగా వీధిలోకి దిగింది. సూదమ్మ ఒకరి తర్వాత ఒకరి వేలు తుడిచి, గుచ్చి, అంకె పైకి చదువుతోంది. అంకెలు ముత్యాల్లా వస్తున్నాయి. మేడమ్ తల ఊపుతోంది. డాక్టరు మొహం వెలిగిపోతోంది. సూదమ్మకు మాత్రం చేతులు పనిలో ఉన్నా కళ్ళు మెట్ల వైపే పోతున్నాయి. ప్రతిసారీ అందరికన్నా ముందొచ్చి మొదటి బెంచీ పట్టే అత్తగారు ఇంకా రాలేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు అత్తగారు పక్కమీంచి లేవకుండానే, "నువ్వు పదవే, నేను వెనకే వస్తా" అంది. ముందురోజు సాయంత్రం తిన్నారా అంటే తిన్నానంది. కంచం కడిగేసి ఉంది. అంతకన్నా చూసే తీరిక సూదమ్మకు లేకపోయింది. రేపు మేడమ్ వస్తుందన్న కంగారులో కేంద్రం గదులు తుడిచి, కర్టెన్లు ఉతికి వచ్చేసరికి ఒళ్ళు హూనమైంది.

టైలరు వంతు వచ్చింది. వేలు చాపుతూ, మేడమ్‌కు వినబడకుండా గొంతు తగ్గించాడు. "నాది మామూలు చదువే సూదమ్మా. మీ అత్తగారిది మాత్రం డిస్టింక్షను. మొన్నట్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదట. మాత్రలు కూడా ఒకటికి రెండేసి మింగుతోందట. పెద్ద ఆఫీసరొస్తోంది, నా కోడలి పరువు నా వేలిమీదుంది అంటోంది నిన్న మా ఆవిడతో."

సూదమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. తినకుండా ఆ మాత్ర రెండేసి మింగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఊరందరికీ చెప్పింది కూడా. రక్తంలో చక్కెర అడుగంటిపోతుంది, మనిషి నిద్రపోయినట్టే ఉండి చేజారిపోతుంది.

మీటరు, స్ట్రిప్పుల డబ్బా, టీ బల్ల మీది పంచదార సీసా చేతికందినవి తీసుకుని లేచింది.

"ఎక్కడికండీ?" అంది మేడమ్.

"మా అత్తయ్య" అని మాత్రం అనగలిగింది. "డాక్టరుగారూ, గ్లూకోజు ఇంజెక్షను పట్టుకుని మా ఇంటికి రండి. ఇప్పుడే రండి."

లైను పక్కకు తప్పుకుంది. ఎవరో ఏమైందమ్మా అంటున్నారు. ఆమె మెట్లు దిగి వీధిలో పరుగెత్తింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. ఆ దారిలో రోజూ నడిచే మనిషికి ఆరోజు ఇల్లు ఎంత దూరం పోయిందో చెప్పలేం.

తలుపు లోపల గడియపెట్టి ఉంది. పిలిచింది. బాదింది. లోపల్నుంచి ఏదో గొణుగుడు వినిపించింది, మాట కాదు. గొణుగుతోందంటే ఉంది, ఇంకా ఉంది. తలుపు పక్క కిటికీ అద్దాన్ని పంచదార సీసాతోనే కొట్టి పగలగొట్టింది. సీసా పగల్లేదు, అదే అదృష్టం. ముంజేయి గీసుకుపోయి రక్తం కారుతున్నా లోపలికి చెయ్యి దూర్చి గడియ లాగింది.

అత్తగారు చెప్పులు వేసుకుని ఉంది. కేంద్రానికి బయల్దేరి, గుమ్మందాకా రాలేక, గోడకానుకుని జారిపోయినట్టుంది. ఒళ్ళంతా చెమట. ఒంటి మీద మంచి చీర. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ కోడల్ని గుర్తుపట్టలేదు.

సూదమ్మ ఆ వేలు గుచ్చింది. అంత తక్కువ అంకెను ఆమె తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. నీళ్ళు పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, పంచదార తడిపి, వేలితో బుగ్గ లోపల, చిగుళ్ళ మీద రుద్దింది. రుద్దుతూ, "అత్తయ్యా, నన్ను చూడండి, అత్తయ్యా" అంటూనే ఉంది. పళ్ళు గిట్టకరుచుకుని ఆమె వేలు కొరికింది. కొరకనీ, కొరికే సత్తువైనా ఉంది అనుకుంది.

డాక్టరు ఆయాసపడుతూ వచ్చాడు. వెనకే మేడమ్. నరం దొరకలేదు. మళ్ళీ వెతికాడు. మేడమ్ చీరకొంగు నడుముకు దోపుకుని, ముసలావిడ చేతిని కదలకుండా పట్టుకుంది. మూడోసారికి నరం దొరికింది. మందు నెమ్మదిగా లోపలికి పోయింది.

కాసేపటికి అత్తగారి కళ్ళలోకి చూపు తిరిగొచ్చింది. కోడల్ని చూసింది, డాక్టరును చూసింది, తన వేలికొస మీది రక్తపు చుక్కను చూసుకుంది.

"చూశారా? ఎంతొచ్చింది?" అంది నీరసంగా. "తక్కువే వచ్చిందిగా?"

ఆ మాటతో సూదమ్మకు కేంద్రం దగ్గరి లైను గుర్తొచ్చింది. అత్తగారొక్కతేనా ఇలా చదివింది?

మాత్ర ఒంట్లో ఉన్నంతసేపూ చక్కెర మళ్ళీ మళ్ళీ పడిపోతుంది కాబట్టి ఆసుపత్రిలో పెట్టాలన్నాడు డాక్టరు. అంబులెన్సు ఎక్కించి, "నేను పక్కనే ఉంటాను, మీరు అక్కడ చూసి రండి" అని అతనే అత్తగారితో వెళ్ళాడు. సూదమ్మ ఒంటి చెప్పుతోనే వెనక్కి పరుగెత్తింది.

లైను అలాగే ఉంది. మెట్ల మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా అడిగింది.

"రాత్రి భోజనం మానేసినవాళ్ళెవరు? మాత్ర ఎక్కువేసుకున్నవాళ్ళెవరు? చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. మేడమ్ వైపు చూసి అందరూ మొహాలు దించుకున్నారు.

"నా పేరు పోతుందని దాస్తున్నారు కదూ?" ఇంకో మెట్టు కిందికి దిగింది. "మా అత్తయ్య కూడా అందుకే దాచింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మీకు దణ్ణం పెడతాను, నిజం చెప్పండి."

టైలరు చెయ్యెత్తాడు. నవ్వులేదు మొహంలో. తర్వాత అతని వెనకావిడ. తర్వాత మెట్ల కింద నుంచి వీధిదాకా చేతులు లేస్తూ పోయాయి. బెంచీ చివర ఒకాయనకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి. చలేమో అనుకున్నానమ్మా అన్నాడు. సూదమ్మ బిస్కెట్లన్నీ తెప్పించి, ఆయనతో మొదలుపెట్టి అందరికీ పంచింది. పరగడుపు పరీక్ష అక్కడితో ముగిసింది.

మేడమ్ తన కుర్చీలో కూర్చుంది. పొద్దుటి అంకెలు ఇంకా తెరమీదే ఉన్నాయి.

"శుక్రవారం నివేదిక సభకు వెళ్ళాలి" అంది. "మీ పద్ధతి అన్ని వార్డుల్లోనూ పెట్టమని సగం రాసేశాను."

"పెట్టించకండి మేడమ్. ప్రతి వీధిలోనూ ఒక అత్తయ్య ఉంటుంది."

మేడమ్ పొద్దుటి అంకెలన్నీ చెరిపేసింది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ఒకటుంది, దాన్ని పస్తులతో మోసం చెయ్యలేరు. ఆ వారంలోనే పెద్దాసుపత్రి నుంచి ఆ పరీక్ష చేసే మిషను పంపించింది. చెప్పకుండా, ఎప్పుడంటే అప్పుడు చేశారు. పదిమందిలో ముగ్గురికి కూడా అదుపులో లేదు. ఫస్టొచ్చిన వార్డు ఆఖరికి పోయింది. నివేదికలో ఆ అంకే వెళ్ళింది. పక్కనే, ఈ వార్డుకు ఇంకో నర్సు కావాలి, తిండి గురించి చెప్పే మనిషి కావాలి, ముందే చెప్పి చేసే పరీక్షలు అన్ని చోట్లా ఆపాలి అని కూడా వెళ్ళింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, ఇన్నాళ్ళకు ఆ దిబ్బ ఎవరికో కనబడింది.

ఇదంతా తర్వాతి మాట. ఆరోజు సాయంత్రం సూదమ్మ ఆసుపత్రికి చేరేసరికి అత్తగారు దిండుకానుకుని కూర్చుంది. భోజనం కంచం ముందుంది, ముట్టుకోలేదు.

"మేడమ్ ఏమంది? ఫస్టేనా?"

"కాదత్తయ్యా. లెక్కలన్నీ కొట్టేసింది. ఇక ఆఖరే."

అత్తగారు కంచం పక్కకు నెట్టింది. "నా మూలానేగా. నలుగురిలో నీ తల వంచేశాను."

పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక సూదమ్మ అత్తగారి మీద గొంతెత్తింది లేదు. ఆరోజు ఎత్తింది. చుట్టూ మంచాల మీదివాళ్ళంతా తిరిగి చూశారు.

"ఊళ్ళో అందరినీ తిన్నారా అని అడుగుతాను. మీ మొహం చూసి మీరు తినలేదని కనిపెట్టలేకపోయాను. నేను తలుపు తియ్యలేకపోయి ఉంటే ఏమయ్యేది? ఫస్టు తీసుకుని ఏం చేసుకోను నేను? ఇంటికొచ్చి ఎవర్ని పిలవను?"

ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ముద్ద కలిపింది. అత్తగారు కోడలి ముంజేతి కట్టును చూసింది, తన పళ్ళు దిగిన వేలిని చూసింది. ఆ ముద్దకు నోరు తెరిచింది.