గుమ్మటం కింద మస్తాన్ సార్

మొన్న మనవరాలితో చంద్రగిరి కోటకు వెళ్లాను. చీకటి మెట్ల దగ్గర గబ్బిలాల కంపు, చెమ్మగిల్లిన పాత సున్నం వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నా చేయి దానంతటదే గోడను పట్టుకుంది. "ఏమైంది అవ్వా?" అని అడిగింది పిల్ల. ఏమీ లేదన్నాను. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా అరికాళ్లు చెమటలు పడతాయి. ఆ వెనకే మస్తాన్ సార్ గుర్తుకొస్తారు.

డెబ్బైల చివర్లో నేను చిత్తూరులో ఒక బడిలో టీచరుగా చేరినప్పుడు ఆయన మా హెడ్మాస్టరు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోపమొస్తే అరవం మాట్లాడేవారు. ఆయన గది గోడల నిండా పాత క్యాలెండర్ల నుంచి కత్తిరించిన బొమ్మలే. తాజ్‌మహల్, ఈజిప్టు పిరమిడ్లు, చైనా గోడ, ఇటలీలో ఒరిగిన గోపురం. "మనిషి కట్టినవి మనిషి సూడకుండానే పోతే ఎట్లమ్మా?" అనేవారు. పిరమిడ్ల దాకా పోయే తాహతు ఎవరికీ లేదు కాబట్టి, ప్రతి వేసవి సెలవుల్లో ఒక బస్సు మాట్లాడి టీచర్లనూ వాళ్ల ఇంటివాళ్లనూ హంపికో, తంజావూరుకో, గోల్కొండకో తీసుకెళ్లేవారు. పరీక్షలు దగ్గర పడుతున్నా ఆయన ధ్యాస ఆ బస్సు మీదే ఉండేది.

నేను పుట్టుపిరికిని. మిద్దె మీద వడియాలు పెట్టమంటే పిట్టగోడకు ఆమడ దూరంలో పెట్టి వచ్చేదాన్ని. ఒక ఏడాది సార్ బీజాపూరు అన్నప్పుడు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుందామనుకున్నాను. మా అమ్మ ఊరుకోలేదు. మావాళ్లకు బస్సెక్కి దూరం వెళ్తే అది యాత్రే. పులిహోర కట్టుకుని, పసుపూ కుంకుమా సంచిలో వేసుకుని అందరికంటే ముందు బస్సెక్కి కూర్చుంది.

"అక్కా, ఆడ గుడి లేదు. సుల్తాను సమాధి ఉండాది" అన్నారు సార్ నవ్వుతూ.

"ఎవరైతే ఏమి సారూ, పెద్దోళ్లే కదా. ఒక దండం పెట్టుకుంటా" అంది అమ్మ.

బీజాపూరులోని ఆ సమాధి మీద బ్రహ్మాండమైన గుమ్మటం ఉంది. దాని లోపలి అంచు చుట్టూ వసారాలాంటి నడవా. నడవాలో ఒక కొసన గోడకు నోరు పెట్టి గుసగుసలాడితే ఎదుటి కొసన ఉన్నవాళ్లకు వినిపిస్తుంది. గట్టిగా పలికితే అదే మాట మళ్లీ మళ్లీ మోగుతుంది. మెట్లెక్కే ముందే సార్ ఇదంతా చెప్పారు. ఇరుకు మెట్లు, చీకటి, గబ్బిలాలు. గోడను తడుముకుంటూ ఎక్కాను. "టీచరమ్మా, నువ్వు నాతో ఎదురుపక్కకి రా. గుసగుస ఎట్ల వినిపిస్తాదో వాళ్లకి సూపిద్దాం" అన్నారు. గోడకు వీపు ఆనించి, కిందికి చూడకుండా, ఆయన వెనకే అడుగులో అడుగు వేశాను.

మేము ఎదుటి కొసకు చేరేసరికి అమ్మావాళ్లు ఒగరుస్తూ వాకిట్లోంచి బయటపడ్డారు. వాళ్లంతా ఏటా తిరుమల కొండ నడిచి ఎక్కేవాళ్లు. చివరి మెట్టు దాటగానే నోరు దానంతటదే పలుకుతుంది. అమ్మ చేతులెత్తి "గోవిందా" అంది. వెనకున్నవాళ్లందరూ ఒక్క గొంతుతో "గోవింద" అన్నారు.

గుమ్మటం విరుచుకుపడింది. నిజంగా అలాగే అనిపించింది. ఒక మాట పది మాటలై, పది మాటలు ఒక ఉరుమై తల మీద దొర్లాయి. "పైకప్పు పడిపోతాండాది" అని ఎవరో కేక పెట్టారు, ఆ కేక కూడా పదింతలైంది. నడవా పొడుగునా ఇంకా వాకిళ్లున్నాయి. అయినా అందరూ వచ్చిన వాకిలికే ఎగబడ్డారు. మెట్ల మీద ఇంకా ఎక్కి వస్తున్నవాళ్లు, నడవాలోంచి తోసేవాళ్లు. ఇటుపక్క పిట్టగోడ, దాని అవతల అగాధం. అమ్మ ఆకుపచ్చ చీర ఒకసారి కనిపించింది, తర్వాత కనిపించలేదు. అమ్మను తొక్కేస్తారనుకున్నాను. లేదా పిట్టగోడ మీదికి తోసేస్తారు.

అమ్మా అని అరవబోయాను. సార్ తన నోటి మీద చేయి పెట్టుకుని, వద్దని తల ఆడించారు. ఆ తర్వాత గోడకు జారగిలబడి మెల్లగా కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎదుటి వైపు డ్రిల్లు మాస్టరు మమ్మల్ని చూసి తనూ కూర్చుని, పక్కావిడ కొంగు పట్టి కూర్చోబెట్టాడు. ఆమెను చూసి మరొకరు. అరిచేవాళ్లు తగ్గేకొద్దీ ఉరుము కూడా సన్నగిల్లింది. చివరికి చుట్టూ అందరూ చతికిలబడి ఉన్నారు, ఎవరి నోటా మాట లేదు. ఆకుపచ్చ చీర మాత్రం నాకు ఇంకా కనిపించలేదు.

అప్పుడు నా చెవి పక్కన, ఆ గోడలోంచి, అమ్మ గొంతు వినిపించింది. "పాపా, యాడుండావే?"

"ఈడే ఉండానమ్మా. ఎదురుగానే ఉండా. కదలొద్దు" అన్నాను గోడతో. కళ్లనీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. అంతటి గుమ్మటం కింద మా ఇద్దరి మధ్యా నిలిచింది ఆ గుసగుస ఒక్కటే.

సార్ అందర్నీ వేరే వాకిలి గుండా కొంచెం కొంచెంగా దించారు. అమ్మ మోచేయి గీరుకుపోయింది, అంతే. కిందికి వచ్చాక ఆమె సార్ ముందు తల దించుకుంది. "తప్పుగా అనుకోవద్దు సారూ. నోటికి వచ్చేసినాది."

"కొండెక్కినాక గోవిందా అనకుండా మీరు యాడుంటారక్కా? ఇంగ సుల్తాను గోడలకి కూడా నేర్పించేసినారు" అన్నారు ఆయన. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా ఆయన నిబ్బరాన్నే పొగిడింది. పులిలాంటి మనిషి అన్నారు. టీ తాగడానికి బస్సు ఆపినప్పుడు ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు, అయినా టీ తొణికింది. "భలే ఉపాయం చేశారు సార్" అన్నాను.

"ఉపాయం కాదమ్మా. కాళ్లు నిలబడలే, కూలబడినాను. ఈ మాట వాళ్లకి చెప్పొద్దు, మళ్లీ బస్సెక్కరు" అన్నారు.

మరుసటి వేసవికి మళ్లీ బస్సు మాట్లాడారు. భయం వేయదా సార్ అని అడిగితే, "వేస్తాది. అట్లని కూర్చుంటే మనం ఈ పక్కనుండే పూతలపట్టు కూడా దాటలేమమ్మా" అన్నారు. అమ్మ మాత్రం మళ్లీ ఏ కట్టడమూ ఎక్కలేదు, కిందే కూర్చుని దండం పెట్టుకునేది. సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పొద్దన్న మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఉద్యోగమున్నన్నాళ్లూ పిల్లల్ని ఎన్నో కోటలకూ గోపురాలకూ తీసుకెళ్లాను. ఒక్కసారి కూడా భయం లేకుండా ఎక్కలేదు. ఆయన తన భయాన్ని దాచుకున్నారు, నేను మాత్రం నా భయాన్ని మెట్ల కిందే చెప్పేసేదాన్ని. "నాకు కాళ్లు వణుకుతా ఉండాయి. మీలో ఇంకెవరికి?" అని అడిగేదాన్ని. పిల్లలు కిసుక్కుమనేవారు. కాసేపటికి వెనక నుంచి ఒక చేయి లేచేది, దాన్ని చూసి మరొకటి. ఆ చేతులు పట్టుకుని ఎక్కేదాన్ని.