అక్క తిట్టకపోతే

ఆ లాండ్రీలో బాయిలరు చూసే ఆయనకు సొంత పేరేదో ఉండే ఉంటుంది గాని, అందరికీ ఆయన ఒకవేళరావే. "ఒకవేళ" అనకుండా ఆయన నోట మాట పెగిలేది కాదు. మంచినీళ్ల గ్లాసు అందిస్తే, "ఒకవేళ చీమ పడి ఉంటే?" అని వెలుతురుకి ఎత్తి చూసేవాడు.

ఫోనులో యాప్‌లు తయారుచేసే రంగు బ్లాకుల ప్రోగ్రాము ఒకటి దొరక్కపోతే భయాలతోనే బతుకు తెల్లారిపోయేది. పసుపు బ్లాకులో "ఇలా జరిగితే", నీలం బ్లాకులో "అలా చెయ్యి". రెండింటినీ వేలితో ఈడ్చి అతికిస్తే యాప్ తయారు. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాడు. బాయిలరు మరీ వేడెక్కితే ఫోను మోగుతుంది. చినుకు పడితే మోగుతుంది. గొడుగు మరిచి గడప దాటినా మోగుతుంది.

ఆ మోత వింటే ఇస్త్రీ అక్కకు ఒళ్లుమంట. చేతికి విరామం ఇచ్చినా నోటికి ఇవ్వని మనిషి ఆవిడ.

"ఆకాశం ఊడిపడితే ఏం చేస్తావయ్యా? దానికీ బ్లాకు అతికించావా?"

"ఏ వైపు నుంచి ఊడుతుందో తేలలేదక్కా."

ఒక మధ్యాహ్నం ఆమె దుప్పట్ల కోసం ఆరబెట్టే గదిలోకి వెళ్లింది. వెనక ఇనుప తలుపు మూసుకుంది. బయట గడియ దానంతటదే పడింది.

వేడిగాలి మొహాన కొడుతోంది. బాదింది, అరిచింది. ఆ మందపాటి తలుపు గొంతును మింగేసింది. షాపులో ఇంకెవరూ లేరు. ఒకవేళరావు పెరట్లో బాయిలరు హోరులో ఉన్నాడు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోంది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. మోకాళ్ల మీద కూలబడి, తనకు తెలియకుండానే గొణిగింది.

"ఒకవేళ ఎవరూ రాకపోతే?"

గాలి ఠక్కున ఆగింది. కాసేపటికి గడియ చప్పుడు. ఎదురుగా ఒకవేళరావు, కాళ్లకు చెప్పులు లేవు, చేతిలో ఫోను ఇంకా మోగుతోంది.

చెంబెడు నీళ్లు తాగాక అడిగింది. "నేను లోపలున్నానని నీకెలా తెలిసింది?"

"తెలీదక్కా. నీ గొంతు ఆగింది, అంతే."

దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా ఫోను చూపించాడు. పసుపు బ్లాకు: ఇస్త్రీ బల్ల దగ్గర పది నిమిషాలు అక్క తిట్లు వినపడకపోతే. నీలం బ్లాకు: వేడి ఆపు, నన్ను పిలు.

"బల్ల కింద పాత ఫోనొకటి కట్టి, వేడిగాలి స్విచ్చుకి కలిపి ఉంచా. మధ్యాహ్నాలు ఒక్కదానివే ఉంటావు కదా."

ఆమె పసుపు బ్లాకు మీద వేలు పెట్టింది.

"పది నిమిషాలేమిటయ్యా, ఉడికిపోనూ? మూడు చెయ్యి."

"మూడంటే నువ్వు అస్తమానం తిడుతూనే ఉండాలక్కా."

"దానికేం లోటు రానివ్వను, దద్దమ్మా. ముందెళ్లి ఆ గడియ పీకెయ్."

ఒకవేళరావు స్క్రూడ్రైవరు కోసం పరిగెత్తాడు.