మాస్టారి తుపాకీతో బస్సు ప్రయాణం

చేతిలో ఒక ప్రభుత్వ కాగితం ఉంటే చాలు, వీధికుక్కలు కూడా తప్పుకుని దారిస్తాయని నమ్మే వయసు ఒకటి ఉండేది నాకు. ఆ వయసులోనే బందరులో ఒక ఆఫీసులో, తుపాకీ లైసెన్సుల సెక్షన్లో, కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో, దాని మీద ఏ నంబరు చెక్కి ఉందో పాత రిజిస్టర్లలోంచి తీసి ఆన్‌లైన్లో ఎక్కించడం నా పని. నేను దగ్గరగా చూసిన తుపాకీ ఒక్కటీ లేదు (తిరునాళ్లలో బుడగలు పేల్చేదాన్ని మినహాయిస్తే). అయినా మా వీధిలో మాత్రం "ఆయుధాల డిపార్టుమెంటు" అని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

అన్నీ ఎక్కించాక ఒక్క లైసెన్సు తేలకుండా మిగిలింది. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో, చేలో వాలే పిట్టలను బెదరగొట్టడానికని ఒక హెడ్మాస్టరు గారు కొనుక్కున్న రెండు గొట్టాల తుపాకీ అది. ఆయన పోయి ఏళ్లయింది. రెన్యువల్ లేదు, ఆయన భార్యకు పంపిన నోటీసులకు జవాబూ లేదు. మా సూపర్నెంటు గారు నన్ను పిలిచి, "ఇంక ఆవిడ మీద కేసు పెట్టమని పోలీసులకు రాయాల్సొస్తుందయ్యా. పెద్దావిడ, పాపం. ఒకసారి వెళ్లి తుపాకీ ఉందో లేదో చూడు. నంబరు రాసుకో. దగ్గర్లో ఉన్న స్టేషన్లో అప్పగించమని చెప్పు. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు" అన్నారు. ఆ చివరి మాట తప్ప అన్నీ నా బుర్రకెక్కాయి.

నేను వెళ్లేసరికి మాస్టారి భార్య, ఊళ్లో అందరూ మామ్మగారు అని పిలిచే ఆవిడ, వరండాలో బైబిల్ చదువుకుంటోంది. నోటీసుల సంగతి అడిగితే, "ఇంగ్లీషులో ఉంటే మాస్టారి పింఛను కాగితాలనుకుని దాచానండీ" అంది. నాచేతే అటక మీంచి చాపచుట్ట ఒకటి దింపించి విప్పింది. తుపాకీ తళతళా మెరుస్తోంది. "తుప్పు పట్టకుండా నెలనెలా కొబ్బరినూనె రాస్తున్నా బాబూ. తూటాలు ఆయనుండగానే అయిపోయాయి. పేల్చింది ఒక్కరోజే. పిట్టలు కదల్లేదు గానీ పక్కింటి గేదె మూడ్రోజులు పాలివ్వలేదు."

నంబరు సరిపోయింది. స్టేషన్లో అప్పగించాలని చెప్పేసరికి ఆవిడ మొహం పాలిపోయింది. "స్టేషనా? మా ఇంట్లో ఆడవాళ్లెవరూ ఆ గడప తొక్కలేదండీ. మీరొచ్చారుగా, మీరే పట్టుకెళ్లండి. మీరే కదండీ గవర్నమెంటు!" ఇరవై రెండేళ్ల నా జీవితంలో నన్ను 'మీరు' అన్నవాళ్లే తక్కువ. గవర్నమెంటు అన్నవాళ్లు అసలే లేరు. చాప చుట్టి, భుజాన పెట్టుకుని బస్సెక్కాను.

అవనిగడ్డలో ఒక హెడ్ కానిస్టేబుల్ ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకు తిరగడం నేరమని. (ఆ వాక్యాన్ని కొన్ని వందలసార్లు నేనే టైపు చేశాను.) చాపచుట్టను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. ఎండకు నూనె కారి ఆయన ఖాకీ ప్యాంటు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"ఏంటి తమ్ముడూ ఇది?"

"తలనూనె అండీ."

"ఇంత పొడుగు సీసానా?"

ఇక నావల్ల కాలేదు. "సార్, ఇది తుపాకీ. నాది కాదండీ. నాకు లైసెన్సు లేదండీ. నేను లైసెన్సుల సెక్షన్లోనే పనిచేస్తానండీ!" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ముందు సీట్లో కునుకు తీస్తున్న చేపలావిడ గంపతో సహా లేచి వెనక సీట్లోకి వెళ్లిపోయింది.

ఆయన చాప విప్పి, తుపాకీలో తూటాల్లేవని చూసుకుని, నన్ను దారిలో ఉన్న స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఎస్సై గారు మా సూపర్నెంటు గారికి ఫోన్ చేస్తే, "ముట్టుకోవద్దన్నానా!" అన్న కేక గదంతా వినిపించింది. "ఇచ్చినావిడ మీద ఒకటి, తెచ్చినోడి మీద ఒకటి, రెండు కేసులు" అన్నారు ఎస్సై గారు. "ఆవిడ మీద వద్దండీ. ఆ నోటీసు మాకే సరిగ్గా అర్థం కాదు. తప్పు నాదే" అని ఏడుపు గొంతుతో బతిమాలాను.

ఊరికి కబురు వెళ్లింది. గంట తర్వాత ఆటో ఆగింది. తెల్లచీర కట్టుకున్న మామ్మగారు దిగి, ఆ గడప దాటి గబగబా లోపలికొచ్చేసింది. "ఆ అబ్బాయినేం చెయ్యకండి ఎస్సై గారూ. నేనే భయపడి వాడి చేతిలో పెట్టాను. కేసంటూ రాస్తే నా మీద రాసుకోండి. ఇదిగో, ఇప్పుడు నేనే ఇస్తున్నాను" అంటూ బల్ల మీది తుపాకీ తీసి రెండు చేతులా ఆయన ముందుకు చాచింది. (ఖాళీదని తెలిసి కూడా ఎస్సై గారు కుర్చీ వెనక్కి జరిపారు.) ఆ తర్వాత నవ్వేశారు. ఆవిడ పేరనే రసీదు రాసిచ్చారు, అదీ తెలుగులో. నన్ను పది నిమిషాలు తిట్టి వదిలేశారు. ప్యాంటు చూసుకుంటున్న హెడ్ కానిస్టేబుల్‌తో మామ్మగారు, "శనగపిండి రాసి ఉతికించు నాయనా, పోతుంది" అంది.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో పర్మినెంటు ఉద్యోగిని, నా కింద నలుగురున్నారు. బస్సులో ఒక్క గుక్కలో నిజం కక్కేసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. ఈరోజు అలాంటి తప్పే జరిగితే, నోరు విప్పే ముందు నేను ఆ ఫైలు మీద ఎవరి సంతకం ఉందో చూసుకుంటాను.