లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేదాకా

2004 ఫిబ్రవరిలో నన్ను విద్యుత్ శాఖ కృత్తివెన్ను సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. రెండు నెలలకే పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. మా వైపు నిలబడినవారిలో ఒకాయన అంతకుముందు కరెంటు చార్జీలు ఖరారు చేసే మండలిలో సభ్యుడు. సీటు కోసం ఆ పదవికి రాజీనామా చేశారు. యూనిట్ తయారీకి ఎంత ఖర్చవుతుందో పైసలతో సహా చెప్పగలరు. స్తంభం దగ్గరికి మాత్రం ఎప్పుడూ వెళ్లినట్టు లేదు.

ఒక ఆదివారం పొద్దున గాలికి పదకొండు కేవీ తీగ తెగింది. లైన్‌మన్ నాంచారయ్య లైన్ క్లియర్ తీసుకుని స్తంభం ఎక్కాడు. లైన్ క్లియర్‌ను మేము ఎల్.సి. అంటాం. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఆ లైన్‌కు కరెంటు పంపే ఫీడర్ ఆపి, పుస్తకంలో నంబరు రాసి, లైన్‌ను అతనికి అప్పగిస్తాడు. తీసుకున్న మనిషే దిగి వచ్చి తిరిగి ఇచ్చేదాకా ఫీడర్ వెయ్యడానికి చీఫ్ ఇంజనీరుకు కూడా హక్కు లేదు. వేస్తే పైనున్నవాడు బతకడు.

నేను ఆరాధనలో ఉన్నాను. పాస్టరుగారు వాక్యం చెబుతుండగా ఆపరేటర్ పంపిన మనిషి వచ్చి, "సార్, కేండిడేటు గారు బ్రేకర్ గదిలోకి వచ్చేశారండి" అన్నాడు. బైబిలు సంచిలో పెట్టుకుని స్కూటరెక్కాను.

ప్రచారానికి వచ్చిన ఆయన జీపును రొయ్యల రైతులు ఆపారట. కరెంటు లేక చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. రొయ్య ఊపిరాడక పైకి తేలుతోంది. "నేను వేయిస్తా రండి" అని ఆయన జనాన్ని వెంటేసుకొచ్చారు.

"ఏమండీ ఏ.ఈ. గారూ, ఈ డిపార్ట్‌మెంటుకి ఆర్డర్లు రాసినవాణ్ణి. నాకు రూల్సు చెప్తారా?"

"స్తంభం మీద మనిషున్నాడండి."

"దిగమని చెప్పండి."

"నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నాడండి. ఫోన్ లేదు. మనిషిని పంపాను."

వెనకనుంచి ఎవరో, "నాంచారయ్య మావయ్య ఈపాటికి దిగేసి టీ తాగుతుంటాడులెండి, వేసెయ్యండి!" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక కార్యకర్త ఫీడర్ వేసే బ్రేకర్ వైపు చెయ్యి చాపాడు. నేను బ్రేకర్ ఉన్న పానెల్‌కు వీపు ఆనించి నిలబడ్డాను. మర్నాటికల్లా బదిలీ చేయిస్తానని ఆయన అన్నారు. చేయించుకోమన్నాను.

గంట గడిచింది. అంతసేపూ ఎల్.సి. అంటే ఏమిటో ఆయనకు నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి కూడా, "అది సరేగానీ, ఒక్క పది నిమిషాలు వెయ్యండి" అన్నారు. నాంచారయ్య సైకిల్ మీద వచ్చాడు. మా మనిషి వెళ్లేసరికి ఇంకా తీగ ముడేస్తూనే ఉన్నాడట. "పనయింది, మనుషులు దిగారు, తీగకు తగిలించిన ఎర్తులు తీసేశాం" అని ఎల్.సి. తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మాటలు చెప్పి పుస్తకంలో సంతకం పెట్టాడు. ఆపరేటర్ ఫీడర్ వేశాడు. బయట జీపు మైకులో, తాను చెప్పగానే కరెంటు వచ్చిందని కేండిడేటు గారు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు.

ఒక రైతు చెరువులో సగం రొయ్య పోయింది. అతను చాలాకాలం నాతో మాట్లాడలేదు. అతని కోపం న్యాయమే.

తాను లోబడటం తెలిసినవాడికే ఆజ్ఞాపించే అర్హత ఉందని మా సంఘంలో చిన్నప్పటినుంచి నేర్చుకున్నాను. అది నిజమే. కానీ ఆ అర్హత లేనివాళ్లు కూడా ఆజ్ఞాపిస్తారు. వాళ్లకు నచ్చజెప్పేంత వ్యవధి ప్రతిసారీ దొరకదు. అందుకే, ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ఎల్.సి. నడుస్తున్నంతసేపు ఆ ఫీడర్ బ్రేకర్‌కు తాళం వేయించి, తాళంచెవిని స్తంభమెక్కే మనిషి జేబులో పెట్టించాను.