నా కర్చీఫ్ పాఠం

తెనాలిలో రేపల్లె రైలెక్కేవాళ్ళకు కర్చీఫ్ అంటే ముఖం తుడుచుకునే గుడ్డ కాదు, సీటు. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ లోపలికి విసరాలి. అది పడ్డ చోటు మనది. ఆ తర్వాత తోసుకుంటూ ఎక్కి, తీరిగ్గా వెళ్ళి కూర్చోవచ్చు. ఈ చట్టం ఎవరు రాశారో తెలియదు కానీ, టికెట్ లేకుండా ఎక్కేవాడు కూడా దీన్ని మాత్రం దాటడు.

నేను రేపల్లెలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. చేరిన కొత్తలో ఒకరోజు నా కర్చీఫ్ మీద ఒక భారీ మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అరటిగెల. "ఇక్కడ నా కర్చీఫ్ ఉండాలండి" అన్నాను. "ఏదమ్మా, ఎక్కడా కనపడదే!" అన్నాడు. "మీ కిందే ఉంది బాబాయ్, లేచి చూడండి" అన్నాను. పెట్టె పెట్టంతా గొల్లుమంది. ఆయనా నవ్వుకుంటూ లేచి, సీటు ఇచ్చి, రెండు అరటిపళ్ళు కూడా చేతిలో పెట్టాడు.

ఆ రోజే క్లాసులో ఆ పాఠం పుట్టింది. మా పిల్లలు 'గోయింగ్ ఛాన్స్', 'రైటింగ్ టైమ్' అని రాసేవాళ్ళు. వాళ్ళ తప్పేముంది? మనం 'వెళ్ళే అవకాశం' అంటాం. క్రియ ముందే వచ్చి కూర్చుంటుంది, నామవాచకం వెనకాల వస్తుంది. ఇంగ్లీషులో అలా కాదు. నామవాచకం ముందు వస్తుంది. వచ్చి, పక్కన 'టు' అనే కర్చీఫ్ వేస్తుంది. క్రియ తర్వాత వచ్చి ఆ సీట్లో కూర్చుంటుంది. ఛాన్స్ టు గో. టైమ్ టు రైట్. బల్ల మీద నిజంగానే కర్చీఫ్ వేసి, ఒక పిల్లను ఛాన్స్‌గా నిలబెట్టి, ఇంకో పిల్లను క్రియగా పరిగెత్తించాను. అరటిగెల బాబాయ్ కథ కూడా చెప్పాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ వారం స్లిప్ టెస్టులో 'గోయింగ్ ఛాన్స్' ఒక్కరూ రాయలేదు.

తర్వాత ఆ పాఠాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాను. అందరికీ కర్చీఫ్ చెల్లదు. ఇంటరెస్ట్, హోప్ లాంటివి చాలాసార్లు రిజర్వేషన్ పెట్టెలో ఎక్కే రకం. ఇన్ అనో ఆఫ్ అనో టికెట్ చూపిస్తే గానీ వాటి పక్కన చోటు దొరకదు. ఇంటరెస్ట్ ఇన్ రీడింగ్, హోప్ ఆఫ్ విన్నింగ్. ఇంకొన్నిసార్లు నామవాచకానికీ కర్చీఫ్‌కీ మధ్య ఒక గుంపు వచ్చి నిలబడుతుంది. దానికి నేను రాసుకున్న వాక్యం: ద ప్రామిస్ ఆఫ్ మై ఫ్రెండ్ ఆన్ ద రేపల్లె ట్రైన్ టు కీప్ మై సీట్. రేపల్లె రైల్లో నా స్నేహితురాలు నా సీటు కాపాడతానని ఇచ్చిన మాట. మధ్యలో ఎంతమంది నిలబడినా, కర్చీఫ్ ఉన్నంతసేపు సీటు మనదే అని చెప్పేదాన్ని.

ఆ వాక్యంలోని స్నేహితురాలు కల్పన కాదు. నా తర్వాత అదే కాలేజీలో చేరిన తెనాలి అమ్మాయి. నాకన్నా చిన్నది, 'అక్కా' అని పిలిచేది. ఒకరోజు నేను ఇద్దరికీ కర్చీఫ్ వేస్తే, మర్నాడు తను వేసేది. వేమూరు దాటేలోపు డబ్బాలు తెరిచి ఒకరి కూర ఒకరం లాగేసుకునేవాళ్ళం. పాఠాలు ఎలా చెబుతానో అడిగేది. నేనా, నోరు ఊరుకోని మనిషిని. భట్టిప్రోలు దాకా చెబుతూనే ఉండేదాన్ని. నా చేత్తో పెంచినట్టు మురిసిపోయాను కూడా.

మా ఉద్యోగాలు ప్రతి వేసవిలోనూ గాల్లో దీపాలే. అడ్మిషన్లు తగ్గితే "చూసి ఫోన్ చేస్తాం మేడమ్" అంటారు. ఆ ఫోన్ కోసం జూన్ అంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. అలాంటప్పుడు బాపట్లలో ఒక కాలేజీలో పర్మనెంట్ పోస్టు పడింది. ఒకటే పోస్టు. నా ఈడుకి మళ్ళీ అలాంటిది వస్తుందన్న ఆశ లేదు. ఆ కబురు తనకు చెప్పింది నేనే. "నువ్వూ వెయ్యవే అప్లికేషన్. ఎవరికొచ్చినా రెండోవాళ్ళకు పార్టీ" అన్నాను.

డెమో క్లాసుకు అందరికీ ఒకటే టాపిక్ ఇచ్చారు: నామవాచకాల తర్వాత వచ్చే ఇన్ఫినిటివ్, అంటే 'టు'తో వచ్చే క్రియ. నా పాఠమే! ఎగిరి గంతేశాను. ముందురోజు రైల్లో తన ఎదుట మొత్తం పాఠం అప్పజెప్పాను, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో దాంతో సహా. "నువ్వేం చెప్తావే?" అని అడిగాను.

"నాకు నీలా ఎక్కడొస్తాయక్కా ఇవన్నీ? బోర్డు మీద ఫార్ములా రాసేసి వచ్చేస్తా" అంది.

పాపం అనిపించింది నాకు.

మర్నాడు బాపట్లలో ఆ హాలు బయట బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ముందు నా పేరు, తర్వాత తనది. "అక్కా, బాబుకి జ్వరంగా ఉంది. తొందరగా వెళ్ళిపోవాలి. నన్ను ముందు వెళ్ళనిస్తావా?" అంది. గుమస్తాను బతిమాలి నేనే వరస మార్పించాను. లేచేముందు "చేతులు చెమటలు పడుతున్నాయక్కా, నీ కర్చీఫ్ ఒకసారి ఇవ్వవూ" అంది. నీలం అంచు కర్చీఫ్, ఇస్త్రీ మడత కూడా విప్పలేదు. ఇచ్చాను.

తలుపు మూశారు గానీ పైన వెంటిలేటర్ తెరిచే ఉంది. "మా తెనాలిలో కర్చీఫ్ అంటే సీటండీ" అన్న మాట వినపడింది. మొదట నవ్వొచ్చింది, నా మాటలు వేరే గొంతులో వింటే ఎవరికైనా వస్తుంది కదా. తర్వాత ఛాన్స్ వచ్చింది, టైమ్ వచ్చింది, రిజర్వేషన్ పెట్టె వచ్చింది. "ఒకరోజు నా కర్చీఫ్ మీద అరటిగెలతో ఒకాయన కూర్చున్నారండీ" అంది. ఆ రోజుకి తను మా కాలేజీ గుమ్మం కూడా చూడలేదు. "మీ కిందే ఉంది బాబాయ్, లేచి చూడండి అన్నాను" అంటే లోపల ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ పకపకా నవ్వారు. చివరికి నా స్నేహితురాలి వాక్యం కూడా చెప్పేసింది, ఒక్క ముక్క వదలకుండా.

బయటికి వచ్చి నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. వెంటనే నన్ను పిలిచారు. ఏం చెప్పను? పుస్తకంలో ఉన్నట్టు రూలు మొదలుపెట్టాను, నాలిక తడబడింది. అందరికన్నా పెద్దాయన, ప్రిన్సిపాల్ గారు, మంచిగానే అన్నారు: "ఏదైనా ఉదాహరణతో చెప్పండమ్మా. మీ ముందు వచ్చినావిడ కర్చీఫ్‌తో ఎంత బాగా చెప్పారో!"

"అది నా పాఠం సార్" అనేశాను. "ఆ అరటిగెల మనిషి నా కర్చీఫ్ మీద కూర్చున్నాడు. నిన్న రైల్లో ఆవిడకు నేనే చెప్పాను."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఆవిడ ఇంకా ఉంటే పిలవమన్నారు. ఉంది. వరండా చివర జామకాయ కొరుక్కుంటూ, ఎవరితోనో కబుర్లు చెబుతూ. బాబు జ్వరం ఏ రైలెక్కి పోయిందో!

లోపలికొచ్చి, విషయం విని, తల వంచుకుంది. ఏడుస్తుందేమో, నిజం చెప్పేస్తుందేమో అనుకున్నాను. చెబితే నేను అక్కడికక్కడే క్షమించేదాన్నేమో కూడా.

"ఇద్దరం రోజూ ఒకే రైల్లో వెళ్తామండి" అంది మెల్లగా. "నా పాఠాలు అక్కకి చెప్తుంటానండి. విని విని తనదే అనుకుంటుందేమోనండి. పెద్దావిడ, మీరేం అనుకోవద్దండి."

నా తరఫున క్షమాపణ కూడా తనే చెప్పేసింది. ప్రిన్సిపాల్ గారు నన్ను జాలిగా చూసి "సరేనమ్మా, మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అన్నారు. దొంగ అని తిట్టినా తట్టుకునేదాన్ని, ఆ జాలే భరించలేకపోయాను.

పోస్టు తనకే వచ్చింది. ఇంట్లో మా ఆయన "పోనీలేవే, పాఠమే కదా, మళ్ళీ ఇంకోటి తయారుచేసుకుంటావు" అన్నాడు. ఆ పూట ఆయనకు పెరుగు వెయ్యలేదు.

బాపట్లలో చేరేముందు మా కాలేజీలో జీతం లెక్కలు తేల్చుకోవడానికి తను ఇంకొక్కసారి రేపల్లె వచ్చింది. తెనాలిలో నేను పెట్టెలోకి ఎక్కేసరికి కిటికీ పక్క సీట్లో నా నీలం అంచు కర్చీఫ్ ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి. పక్కన తను.

"అక్కా, రా. నీకోసమే వేశా" అంది, ఏమీ జరగనట్టు.

"సిగ్గు లేదుటే నీకు?" అన్నాను. పెట్టెలో తలలన్నీ మా వైపు తిరిగాయి.

"నాకూ సంసారం ఉందక్కా" అంది.

కర్చీఫ్ తీసుకుని, వెనకాల తట్ట పట్టుకుని నిలబడ్డ ముసలమ్మను "కూర్చో పెద్దమ్మా" అన్నాను. ఆమె ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. నేను రేపల్లె దాకా తలుపు దగ్గర నిలబడే వెళ్ళాను.

మొన్న కొత్త బ్యాచ్‌కి ఆ పాఠం వచ్చింది. బల్ల మీద కర్చీఫ్ పరిచి, నా కోపాన్ని మింగి, ఎప్పటిలాగే మొదలుపెట్టాను. పిల్లలు నవ్వడం చూసి ప్రాణం లేచివచ్చింది. ఇది మాత్రం ఇంకా నాదే అనుకున్నాను. అప్పుడు రెండో బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

"మేడమ్, మా అన్నయ్య బాపట్లలో చదువుతున్నాడు. వాళ్ళ మేడమ్ పాఠం ఫోన్‌లో చూపించాడు. మీరు కూడా సేమ్ ఆవిడలాగే చెప్తున్నారేంటి మేడమ్? అరటిగెలాయన కూడా సేమ్!"

క్లాసంతా నా వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో కొంటెతనం లేదు, నిజంగానే అడిగింది. కర్చీఫ్ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఫార్ములా రాశాను: నామవాచకం, ప్లస్ టు, ప్లస్ క్రియ. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.